చప్పట్ల దళపతి

విద్యలలో వినడం ఒక విద్య, మాట్లాడడం ఒక విద్య అని పెద్దలు చెప్పగా విన్నాము. చప్పట్లు కొట్టడం అనే మూడవ విద్య కూడా ఒకటి ఉన్నదనీ, దానిని ఏ పాఠ్యపుస్తకంలోనూ చేర్చకుండానే దిగ్విజయంగా బోధిస్తున్న కళాశాల ఒకటి ఉన్నదనీ పాఠకమహాశయులలో కొందరు ఎరగకపోవచ్చు. ఎరిగినవారు తమ బిడ్డలను ఈపాటికే అక్కడ చేర్పించి ఉంటారు.

ఆ కళాశాల సభామందిరంలో, భోజనాలయ్యాక కనురెప్పలు బరువెక్కే వేళ, మొదటి సంవత్సరం విద్యార్థులు వరుసలు తీరి కూర్చున్నారు. వెనుక తలుపుకు బయటినుంచి గడియ వేసి ఉంది. పిల్లల ఉత్సాహం కట్టలు తెంచుకుని బయటికి పారిపోకుండా తీసుకున్న చిన్నపాటి జాగ్రత్త అది. వేదికకు ఎడమపక్కన, అందరికీ కనబడేలా, ఒక ఎత్తుపీట మీద చివరి సంవత్సరం విద్యార్థి ఒకడు నిలబడి ఉన్నాడు. అతని కుడిచేతిలో ఎర్రని రుమాలు. మహారాజులకు రాజదండం ఎట్టిదో అతనికి ఆ రుమాలు అట్టిది. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో భద్రంగానే ఉంది గాని, కళాశాల మాత్రం అతన్ని దళపతి అనే పిలిచేది.

"మళ్ళీ చెప్తున్నా, వినండి," అన్నాడు దళపతి. "రుమాలు కొంచెం ఊపితే చినుకు. మెల్లగా, మర్యాదగా కొట్టాలి. భుజం దాటి లేచిందంటే జల్లు. తలపైన గుండ్రంగా తిప్పానంటే ఉరుము. ఉరుమంటే కప్పు లేచిపోవాలి. జేబులో పెట్టగానే ఠక్కున ఆగిపోవాలి. ఆ మూడో వరుస, మీరు చప్పట్లు కొడుతున్నారా, పిండి పిసుకుతున్నారా?"

"చేతులు మండిపోతున్నాయన్నా," అంది ఒక అమ్మాయి.

"మంచిదే కదా. చలికాలం వస్తోంది."

కళ్ళద్దాల కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. "అన్నా, ఒకవేళ మైకులో ఆయన చెప్పేది బాగోలేకపోతే?"

సభంతా నవ్వింది. దళపతి కూడా నవ్వాడు. "నువ్వు ఆయన్నెందుకు చూస్తావురా? రుమాలు చూడు. వినడం మొదలెట్టావంటే చప్పట్లు ఆలస్యమైపోతాయి."

కుర్రవాడు కూర్చున్నాడు. ఆ తరువాత అతడు ఏ ప్రశ్నా అడిగినట్టు దాఖలా లేదు. విద్య ఒంటబట్టడమంటే అదే.

ఆ కళాశాలలో విద్యార్థి సంఘాలకు కొదవ లేదు. సాహిత్యానికొక సంఘం, పర్యావరణానికొకటి, వక్తృత్వానికొకటి, భద్రతకొకటి, నాయకత్వ లక్షణాలకు వేరే ఒకటి. ప్రతి సంఘానికీ ఒక అధ్యక్షుడు, ఒక జెండా, భుజానికి అడ్డంగా వేసుకునే ఒక రంగు పట్టీ. సభ్యులు మాత్రం అన్నింటికీ వాళ్ళే. పట్టీ మారగానే ప్రకృతి ప్రేమికులు కవులయ్యేవారు, కవులు భద్రతాదళమయ్యేవారు. దేహాలు వేరైనా ఆత్మ ఒక్కటేనని వేదాంతులు చెబుతారు. ఇక్కడ దేహాలు అవే, ఆత్మలే వేరు. ప్రతి పట్టీతోనూ ఒక ఫొటో తీసేవారు. అధ్యక్షులకు ఎన్నికలు ఉండేవి కావు. పేరు చదివేవారు, ఉరుము ఉరిమేది, అతడు ఏకగ్రీవమయ్యేవాడు.

ఈ సమస్త సంఘసామ్రాజ్యానికి అధిపతి ఒక అధ్యాపకుడు. ఏ ఊరేగింపుకైనా ఆయనే ముందుండేవాడు గనుక పిల్లలు చాటుగా ఉత్సవమూర్తి అనేవారు. ఆయన అసలు ఏ పాఠం చెప్పాలో మరిచిపోయినవారిలో ఆయన కూడా ఒకరు. సభకు రానివారికి హాజరు లేదు, హాజరు లేనివారికి పరీక్ష లేదు అనే మహాసూత్రాన్ని కనిపెట్టినది ఆయనే. దానితో విద్యార్థుల భాగస్వామ్యం ఏటేటా పెరుగుతూ వచ్చింది.

దళపతి తండ్రి బస్సు కండక్టరు. తల్లి ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది. ఆ ఎర్ర రుమాలును చుట్టూ అంచు మడిచి, మూలన చిన్న పువ్వు పెట్టి కుట్టి ఇచ్చినది ఆమే. కొడుకు ఘనతను తలుచుకుని కండక్టరు పొంగిపోయేవాడు. డిపోలో కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు: "మా వంశంలో సైగ చెయ్యడం రక్తంలోనే ఉందండీ. నా విజిల్‌కి బస్సు కదుల్తుంది, మావాడి రుమాలుకి సభ కదుల్తుంది." విన్నవాళ్ళు నవ్వేవారు. రెండోసారి విన్నవాళ్ళు కూడా, టిక్కెట్టు ఆయన చేతిలో ఉంది గనుక, నవ్వేవారు.

దళపతి చెల్లెలు కూడా ఆ కళాశాలలోనే రెండవ సంవత్సరం చదువుతూ ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. ఆమెతో ఒకే గదిలో ఉండే స్నేహితురాలిని అందరూ పొడుగమ్మాయి అనేవారు. పైఅరలోని సామాను ఎవరికి కావలసినా ఆమెనే పిలిచేవారు. ఆమె విసుక్కుంటూనే వెళ్ళి తీసిచ్చేది.

ఆ హాస్టలుకు మెట్లదారులు రెండు. ముందువైపు మెట్లకు క్రమశిక్షణ నిమిత్తం సాయంత్రమే తాళం పడేది. నీళ్ళ కుళాయి ఉన్నది వెనుకవైపు కింద. పిల్లలు బకెట్లు పట్టుకుని వెనుక మెట్ల మీదే ఎక్కిదిగాలి. ఆ మెట్లకు ఒకప్పుడు ఇనుప రెయిలింగ్ ఉండేది. కిందటేడు విద్యార్థి సంఘాల సమ్మేళనానికి, వేదిక ముందు ఒక ఆడంబరమైన అడ్డుకంచె ఉంటే బాగుంటుందని ఉత్సవమూర్తికి తోచింది. కొత్తది చేయించాలంటే పైవారి అనుమతులు కావాలి, పాతది కోయించాలంటే వెల్డింగువాడు చాలు. రెయిలింగ్‌ను మెట్లనుంచి కోసి, బంగారురంగు పూసి, వేదిక ముందు నిలబెట్టారు. సభ కాగానే తిరిగి పెట్టేస్తామన్నారు. ఒక సభ అయ్యాక ఇంకొక సభ వచ్చింది. సభలకు అంతమెక్కడ?

వానాకాలం ఒక సాయంత్రం పొడుగమ్మాయి నిండు బకెట్టుతో తడిమెట్లు ఎక్కుతూ కాలు జారింది. జారినప్పుడు ఆమె చెయ్యి అలవాటుకొద్దీ పక్కకు సాగింది. అక్కడ గాలి ఉంది. ఆమె తుంటి ఎముక విరిగింది. నడుస్తుంది గాని కర్ర సాయం తప్పదని వైద్యుడు చెప్పాడు. తల్లిదండ్రులు వచ్చి, పరుపుచుట్ట, పెట్టె, పిల్ల, అన్నింటినీ తీసుకుపోయారు. ఆ వారంలోనే భద్రతా సంఘం నారింజరంగు పట్టీలతో ఆ మెట్ల కింద సమావేశమై, విద్యార్థులు మెట్లను జాగ్రత్తగా దిగవలెనని ప్రతిజ్ఞ చేసింది. దళపతి ఉరుము ఆజ్ఞాపించాడు. ఉరిమింది.

చెల్లెలు వార్డెనును అడిగింది. వార్డెను ఉత్సవమూర్తిని అడగమంది. ఆయన, "సమ్మేళనం దగ్గరపడిందమ్మా. ఇప్పుడా కంచె తీస్తే స్టేజీ బోసిపోదూ?" అన్నాడు.

ఆ ఏటి సమ్మేళనానికి ముఖ్య అతిథి పదవీ విరమణ చేసిన ఒక న్యాయమూర్తి. విద్యార్థుల భాగస్వామ్యంలో ఉత్తమమైన కళాశాలను ఎంపిక చేసే సంఘానికి ఆయన పెద్ద. కార్యక్రమంలో 'విద్యార్థి గళం' అని ఒక అంశం పెట్టారు. ఆ గళం పలకవలసిన మాటలను ఉత్సవమూర్తి స్వహస్తాలతో రాశాడు. గళం మాత్రం తన చెల్లెలిదైతే బాగుంటుందని దళపతి సిఫారసు చేశాడు. ఆమె కంఠం గంటలా ఉంటుంది.

సమ్మేళనం ముందురోజు ఆమె అన్నను క్యాంటీనుకు పిలిచింది.

"అన్నయ్యా, రేపు స్టేజీ మీద రెయిలింగ్ సంగతి చెప్తా."

దళపతి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏం మాట్లాడుతున్నావే? నీకు రాసిచ్చిందేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"రాసిచ్చిన దాంట్లో 'మా కళాశాల మాకు తల్లి వంటిది' అని ఉంది. కష్టం తల్లికి చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకుంటాం?"

"ఈ తెలివితేటలు నా దగ్గర వద్దు."

"నీ దగ్గర కావాల్సింది వేరే. నేను చెప్పడం అవగానే నువ్వు రుమాలు ఎత్తు. అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు."

దళపతి చుట్టూ చూశాడు. చెల్లెలు గొంతు తగ్గించింది. "హాస్టలు పిల్లలంతా నావైపే. రోజూ గోడకి అతుక్కుని దిగుతున్నారు. కానీ ముందెవరు కొడతారా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అదే జడ్జిగారి ముందు హాలంతా ఒక్కసారి మోగిందనుకో, ప్రిన్సిపాల్ గారు కాదనలేరు. మోగలేదనుకో, నేనొక్కదాన్నే పిచ్చిదాన్నైపోతా. కాలేజీలో ఉండనివ్వరు కూడా."

"ఉత్సవమూర్తి నా ఉద్యోగానికి మాట సాయం చేస్తానన్నాడే."

"తెలుసు. అందుకే అడుగుతున్నా. నీకు పోయేదేం లేకపోతే, చేసినా గొప్ప లేదు."

అతడు గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. "సరే, చూద్దాంలే."

"చూద్దాంలే అంటే?"

"ఎత్తుతానే తల్లీ. టీ చల్లారిపోతోంది, తాగు."

'చూద్దాంలే' అనే ఆ చిన్నమాట మీద నమ్మకం పెట్టుకుని ఎన్ని సంస్థానాలు కూలిపోయాయో చరిత్రకారులు లెక్క తేల్చలేదు. చెల్లెలు మాత్రం దానిని మాటగానే తీసుకుంది. అన్న గనుక.

మరునాడు సభామందిరం కిక్కిరిసింది. గడియ వేసిన తలుపులు భాగస్వామ్యానికి భంగం రాకుండా కాపాడుతున్నాయి. వేదిక ముందు బంగారు కంచె పూలదండలతో మెరుస్తోంది. సంఘాధ్యక్షులు పట్టీలతో వరుసగా నిలిచారు. ప్రిన్సిపాల్ గారు పలికిన స్వాగతానికి జల్లు కురిసింది. నివేదిక చదివినప్పుడు ఉరుములు ఉరిమాయి. న్యాయమూర్తిగారు పక్కకు వంగి, "ఇంత చైతన్యం ఎక్కడా చూడలేదండీ," అన్నారు. ఉత్సవమూర్తి వినయంతో ఇంచుమించు రెండుగా మడతపడ్డాడు.

విద్యార్థి గళం వంతు వచ్చింది. ఆమె మైకు ముందుకు వచ్చి, తల్లి వంటి కళాశాలను తలుచుకుంటూ రాసిచ్చిన మొదటి వాక్యం చదివింది. చినుకు పడింది. అప్పుడు కాగితం మడిచింది.

"అయ్యా, మీ ముందున్న ఈ కంచె మా హాస్టలు వెనక మెట్ల రెయిలింగ్," అంది న్యాయమూర్తితో. "రంగు గీకితే కింద మా మెట్ల తుప్పు కనపడుతుంది. ఇది అక్కడ లేకపోవడం వల్ల నా స్నేహితురాలు పడిపోయింది. ఇక ఆమె కర్ర లేకుండా నడవలేదు. రోజూ మేమంతా ఆ మెట్ల మీదే దిగుతున్నాం. ఈ సభ అవగానే దీన్ని మా మెట్లకి పెట్టించండి. నేనడిగేది ఇంతే."

సభ నిశ్శబ్దమైంది. అది ఒప్పుకోని నిశ్శబ్దం కాదు. హాస్టలు పిల్లల చేతులు ఒళ్ళోంచి లేచి, ఒకదాని ఎదుట ఒకటి, జానెడు దూరంలో ఆగి ఉన్నాయి. అందరి కళ్ళూ ఎడమపక్క పీట మీదికి తిరిగాయి. ఏళ్ళ తరబడి నేర్చిన విద్య ఎక్కడికి పోతుంది?

దళపతి పిడికిట్లో రుమాలు ఉంది. వేదిక మీదనుంచి ఉత్సవమూర్తి అతనివంక చూసి, తల అడ్డంగా ఊపాడు. ఊపీ ఊపనట్టు, అనుభవజ్ఞుడు ఊపినట్టు. దళపతికి ఉద్యోగం గుర్తుకొచ్చింది. డిపోలో నవ్వే తండ్రి గుర్తుకొచ్చాడు. చెల్లెలు ఉత్సవమూర్తిని గాని, న్యాయమూర్తిని గాని చూడడం లేదు. అన్నవంకే చూస్తోంది. యుద్ధరంగంలో రథం మీద కూలబడి ఆలోచనలో పడిన మహావీరులకు ఎవరో ఒకరు దగ్గరుండి కర్తవ్యం బోధించినట్టు కావ్యాలు చెబుతాయి. మన దళపతికి అటువంటివారెవరూ దొరకలేదు. అతడు ఆలోచిస్తూనే ఉన్నాడు.

ప్రిన్సిపాల్ గారు లేచి మైకు దగ్గరికి వచ్చారు. ఆమెను సున్నితంగా పక్కకు జరిపారు.

సరిగ్గా అప్పుడు దళపతికి ధైర్యం వచ్చింది. ధైర్యం గొప్పదే గాని, దానికీ వేళంటూ ఒకటుంది. అతడు కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, రుమాలును తలపైన గుండ్రంగా తిప్పడానికి బలమంతా కూడగట్టుకుంటున్నాడు. ఆలోగా మైకులో ప్రిన్సిపాల్ గారి కంఠం ప్రశాంతంగా వినిపించింది: "ఈ అమ్మాయి చెప్పింది శుద్ధ అబద్ధం. ఆ పిల్ల పడింది కేవలం తన అజాగ్రత్త వల్ల. మన విద్యార్థులకి ఆ సంగతి తెలుసు."

రుమాలు తిరిగింది. ఉరుము ఉరిమింది.

ఆ కళాశాల చరిత్రలో అటువంటి ఉరుము మునుపెన్నడూ లేదు. ఆగిపోయిన చేతులన్నీ ఒక్కసారిగా కలుసుకున్నాయి. కళ్ళద్దాల కుర్రవాడు కొట్టాడు. బకెట్లు మోసే పిల్లలు కొట్టారు. వాళ్ళలో ఒకామె ఏడుస్తూ కొట్టింది, కొడుతూనే ఏడ్చింది. దళపతి కళ్ళు తెరిచి జరిగినది గ్రహించేసరికి అతని చెయ్యి గాలిలో బిగుసుకుపోయింది. జేబులో పెడితేనే చప్పట్లు ఆగాలి. అతనికి జేబు దొరకలేదు. అతడు తడుముకున్నంతసేపూ ఆ చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. అవి మోగినంతసేపూ చెల్లెలు వేదిక మీద, బంగారు కంచె వెనుక, నిలబడే ఉంది.

న్యాయమూర్తిగారి హృదయం ద్రవించింది. ఆయన లేచి ఇలా సెలవిచ్చారు: "నా జీవితంలో ఎన్నో సాక్ష్యాలు విన్నాను. ఇంతమంది ఒక్క కంఠంతో చెప్పిన సాక్ష్యం వినలేదు. ఒకరు తొందరపాటున దారి తప్పితే, సాటి విద్యార్థులే సరిదిద్దారు. సంఘజీవనం అంటే ఇదే." దీనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రుమాలు అప్పటికే కింద పడిపోయింది.

అయినా ఉత్తమ భాగస్వామ్య బహుమతి ఆ కళాశాలకే వచ్చింది. ఆ ఘనతకు గుర్తుగా బంగారు కంచెను సభామందిరంలో సిమెంటు వేసి శాశ్వతంగా పాతారు. వెనుక మెట్ల దగ్గర భద్రతా సంఘం ఒక హెచ్చరిక పలక పెట్టించింది. దాని ఆవిష్కరణనాడు, రెయిలింగ్ ఉండవలసిన చోట ఒక పట్టు రిబ్బను కట్టారు. ప్రిన్సిపాల్ గారు దాన్ని కత్తిరించారు. ఆ రోజు పీట మీద కళ్ళద్దాల కుర్రవాడు నిలబడ్డాడు. అతని చేతి ఒడుపు బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

చెల్లెలిని ప్రిన్సిపాల్ గారు పెద్దమనసుతో క్షమించదలిచారు. "అందరి ముందూ తప్పైపోయిందని ఒక్క మాట అను తల్లీ, చాలు," అన్నారు.

"ఎవరి ముందండీ? చప్పట్లు కొట్టినవాళ్ళ ముందా, కొట్టించినవాళ్ళ ముందా?" అంది ఆమె.

క్షమాపణకు అంతటితో గడువు తీరిపోయింది. ఆమె పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చింది, ఆ చదువు ఇక ప్రైవేటుగా కట్టి పూర్తిచెయ్యాలని.

పరీక్షలయ్యాక దళపతి ఇల్లు చేరాడు. చేతిలో ఉత్తమ సంఘనాయకుడన్న షీల్డు. మాట సాయం కూడా ఫలించి ఉద్యోగం వచ్చింది. తల్లి షీల్డును కుట్టుమిషను పక్కన ఉన్న అరలో పెట్టి, దాని మీద ఒక గుడ్డ కప్పింది. దుమ్ము పడుతుందని చెప్పింది. కండక్టరు బూట్లు విప్పి, విజిల్‌ను మేకుకు తగిలించి, కూర్చున్నాడు. పొరుగింటాయన గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏమండీ, రుమాలు మొనగాడు వచ్చినట్టున్నాడు. ఆ వంశం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పండి," అన్నాడు.

"పాతబడిపోయిందిలెండి ఆ ముచ్చట," అన్నాడు కండక్టరు.

ఆ సాయంత్రం చెల్లెలు ఎక్కడినుంచో వచ్చి, చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుంది. అన్న దగ్గరికి వెళ్ళాడు. చాలా రోజులుగా దాచుకున్న మాటను బయటికి తెచ్చాడు.

"నేను ఎత్తాను కదే. నీకోసమే ఎత్తాను. కొంచెం ఆలస్యమైంది, అంతే."

"తెలుసు."

"ఎక్కడికెళ్ళొచ్చావ్?"

"పొడుగుదాని ఇంటికి. ఇప్పుడు కర్రతో గుమ్మందాకా వస్తోంది." ఆమె వీధివంక చూస్తూ చెప్పింది. "దానికెవరో చెప్పారట, 'నేను పడిన సంగతి చెప్పగానే హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారటగా' అంది. 'నేను పడిపోయినందుకు అందరూ అంత బాధపడ్డారా, మెట్లకి రెయిలింగ్ పెట్టేశారా' అంది."

"ఏం చెప్పావ్?"

"అవునన్నాను. పెట్టేశారన్నాను. అది చాలా సంతోషపడింది. మన కాలేజీవాళ్ళు మంచివాళ్ళే అంది."

అన్న తలవంచుకున్నాడు. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది, తల్లి వింటోంది. కండక్టరు కూడా వింటున్నాడు. "నామీద కోపం పోదా నీకు?" అన్నాడు దళపతి.

"నీ ఒక్కడి మీద ఏం పడి ఏడవను అన్నయ్యా? నీ చేతిలో రుమాలుంది, భయపడ్డావు. మరి మిగతావాళ్ళ చేతుల్లో ఏముంది? ఖాళీ చేతులేగా. నిజం విన్నారు, నమ్మారు, కొట్టాలనుకున్నారు కూడా. కానీ ఎవరో చెప్పేదాకా ఆగారు. సంఘాలు, సభలు, పట్టీలు, జెండాలు పెట్టి మనకు ఇన్నాళ్ళూ నేర్పింది ఆ ఆగడమే." ఆమె లేచి, చెప్పులు వరుసగా గోడవారగా పెట్టింది. "గుర్తుపెట్టుకో. ఇంకొకళ్ళు సైగ చేస్తే తప్ప కదలని చేతులు, ఏదో ఒక రోజు మనవాళ్ళు పడిపోయినందుకే చప్పట్లు కొడతాయి."